మూడో అధ్యాయంలో వచ్చే ఆమె

నేను ఒమన్ వచ్చిన కొత్తలో అల్ మవాలేలోని మా రూమ్‌లో నాకొక మంచం చూపించారు. దాని కింద అట్టపెట్టె ఒకటి ఉంది. నాకన్నా చాలా ఏళ్ళ ముందు ఆ మంచం మీద పడుకున్న గుంటూరాయన ఉద్యోగం మానేసి ఇంటికి పోతూ వదిలేసిన పెట్టె అది. ఏళ్ళ తరబడి దాని మీద చెప్పులు పెట్టుకున్నారే గానీ విప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు. నేను విప్పాను. లోపల ముప్ఫయ్యో నలభయ్యో పాత డిటెక్టివ్ నవలలు. జేబులో పట్టే సైజు, పచ్చబడిన కాగితం, అట్ట మీద పిస్తోలు, పిస్తోలు వెనక ఒక ఆడమనిషి ముఖం.

ఆ పుస్తకాలు నా చేత ఒక తప్పు చేయించాయని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పుస్తకాలకేం పాపం. చేసింది నేను. ఇప్పుడు ఇది రాయడం కూడా ఆ మాట ఒప్పుకోవడానికే.

మాది టైల్స్, బాత్‌రూమ్ సామాన్లు అమ్మే కొట్టు. నేను స్టోర్ చూసేవాణ్ణి. రూమ్‌లో ఐదుగురం, అందరం తెలుగువాళ్ళమే. శుక్రవారం సెలవు. నమాజుకు వెళ్ళేవాళ్ళు వెళ్ళి వచ్చాక అందరం కింద గుడ్డ పరిచి బిర్యానీ తినేవాళ్ళం. తిన్నాక ఎవరి మంచం మీద వాళ్ళు వాలితే నేను ఒక నవల తీసి పైకి చదివేవాణ్ణి. మొదట్లో ఊరికే సరదాకి మొదలైంది. తరవాత అదొక ఆచారమైపోయింది. ఒక వారం నాకు గొంతు పట్టేస్తే నలుగురూ మిరియాల కషాయం కాచి తాగించారు, నా మీద ప్రేమతో కాదు, హంతకుడు ఎవరో తెలియలేదని.

ఆ నవలలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. మొదటి అధ్యాయంలో శవం. రెండో అధ్యాయంలో డిటెక్టివ్, ఆయన ఖాళీ ఆఫీసు, ఆయన సిగరెట్టు. మూడో అధ్యాయంలో తలుపు తెరుచుకుని ఆమె వస్తుంది. ముందు సెంటు వాసన వస్తుంది, ఆ తరవాత ఆమె. ఖరీదైన చీర, రంగు వేసిన గోళ్ళు, కళ్ళలో నీళ్ళు. ఎవరో నన్ను వెంటాడుతున్నారు, మీరే కాపాడాలి అంటుంది. చెప్పేది సగం అబద్ధం. ఆమెను నమ్మినవాడల్లా పుస్తకం సగానికి వచ్చేసరికి చస్తాడు. డిటెక్టివ్ మాత్రం నమ్మడు. నమ్మినట్టు కనిపిస్తాడు, ఆమె చెయ్యి కూడా పట్టుకుంటాడు. చివరికి అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క ఆధారమూ బయటపెట్టి, ఆమెను పోలీసులకు అప్పజెప్పి, కోటు కాలరు పైకి లాక్కుని వానలోకి నడిచిపోతాడు.

మా రూమ్‌లో ఆమెకు మూడో అధ్యాయం ఆమె అనే పేరు స్థిరపడిపోయింది. నేను ఆ పేజీకి రాగానే ఎవరో ఒకరు "వచ్చిందిరోయ్" అని లేచి కూర్చునేవారు. నన్నేమో డిటెక్టివ్ గారూ అని పిలిచేవారు. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు మాయమైనా, ఒకరి కొబ్బరినూనె సీసా తరిగిపోయినా పంచాయితీ నా దగ్గరికి వచ్చేది. రెండుసార్లు దొంగను పట్టుకున్నాను కూడా. దాంతో నా బుర్ర గురించి నాకు బాగా గట్టి నమ్మకం కుదిరింది. లేనిపోని నమ్మకం ఎంత హాని చేస్తుందో అప్పుడు తెలియదు.

రూమ్‌లో అందరికన్నా పెద్దాయన మా డ్రైవర్. కరీంనగర్ వైపు ముస్లిం. కొట్టు పికప్ నడిపేవాడు. మేమంతా భాయ్ అనేవాళ్ళం. భార్య పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు, ఊళ్ళో ఒక అక్క. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. పేకాటలో మంచి ముక్క పడితే ఆయన చెవులే చెప్పేసేవి. నన్ను సొంత తమ్ముడిలా చూసుకునేవాడు.

ఒక శుక్రవారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే మేడ మీదకి వచ్చాడు. కాసేపు తీగ మీద క్లిప్పులు అటూ ఇటూ జరిపాడు.

"తమ్మీ, నీకొక ముచ్చట చెప్పాలె. నవ్వద్దు."

"చెప్పండి భాయ్."

"ఒకామె ఉన్నది. బౌషర్ల ఇంటి పని చేస్తది. కడప దిక్కు, మావోళ్ళే. మొగడు సచ్చిపోయిండు. టైల్స్ దించనీకి పోయినప్పుడు చూసిన. తెలుగుల మాట్లాడేసరికి పానం లేచొచ్చింది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. బౌషర్‌లో ఆ ఇంటికి రెండు ట్రిప్పుల్లో అయిపోయే సరుకును భాయ్ నాలుగు ట్రిప్పులు వేశాడు. బండి బరువు మొయ్యడం లేదని నాకు చెప్పాడు. అప్పుడు నేను ఆయన చెవుల వైపు చూడనే లేదు.

"నికా చేసుకుందామనుకుంటున్న," అన్నాడు భాయ్. "తిన్నవా అని అడిగేటోళ్ళు లేక తొమ్మిదేండ్లాయె. ఆమె అడుగుతది. రోజు ఫోన్ చేసి గదే అడుగుతది. కని తమ్మీ, నాకు మనుషులను చూసుడు రాదు, నీకెరికే. అమ్మ లేదు, నాయిన లేడు. ఈడ నా తరఫున పోయి చూసొచ్చే పెద్దమనిషి ఎవలున్నరు? నువ్వు చదువుకున్నోనివి. ఒకపారి చూసి రా. నువ్వు ఊ అంటే ఊ. కాదంటే కాదు."

నాకు ఒళ్ళు పొంగింది. ఆయన అడిగింది పెళ్ళిచూపులకు వెళ్ళే పెద్దమనిషిని. నా చెవికి మాత్రం కేసు ఒప్పజెప్పినట్టు వినిపించింది.

"చూస్తాను గానీ భాయ్, ఆవిడకి ఒక్క ముక్క కూడా చెప్పకండి. చెబితే జాగ్రత్తపడిపోతుంది. తెలియకుండా చూస్తేనే అసలు మనిషి తెలిసేది."

"సరే తమ్మీ," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆమె గురించి భాయ్‌కి తెలిసింది కొంచెమే. ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో చేస్తోంది. ఆ ఇంటి పెద్దావిడను చూసుకోవడం ఆమె డ్యూటీ. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక గంట సేపు వదులుతారు, అప్పుడు ఆ వీధి చివర కొట్ల దగ్గరికి వచ్చి సబ్బో నూనో కొనుక్కుని వెళ్తుంది. ఫోన్‌లో ఆమె ఫోటో ఒకటి చూపించాడు. ముసుగు, గుండ్రటి ముఖం, అంతకుమించి అందులో ఏమీ తెలియలేదు.

తరవాతి శుక్రవారం బౌషర్ వెళ్ళాను. కొట్ల ముందు బస్‌స్టాప్ బల్ల మీద, ఎవరో వదిలేసిన మలయాళం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నాకు మలయాళంలో ఒక్క అక్షరం రాదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, అప్పుడు మాత్రం మహా గొప్పగా ఉంది.

ఆమె నడిచి రాలేదు. తెల్లటి పెద్ద కారు ఒకటి ఆగింది. నడుపుతున్నది తెల్లటి పొడుగాటి అంగీ, దిష్‌దాషా వేసుకున్న ఒమనీ యువకుడు. వెనక సీట్లోంచి ఆమె దిగింది, ఫోటోలోని గుండ్రటి ముఖమే. ముదురాకుపచ్చ డ్రెస్సు, జరీ అంచు. దిగుతూ ఆ యువకుడితో ఏదో అంది, అతను నవ్వాడు, కారు వెళ్ళిపోయింది. ఆమె వచ్చి బల్లకు ఆ చివర కూర్చుంది. ముందు వాసన వచ్చింది నాకు. చిక్కటి, ఖరీదైన వాసన. చేతికి ఐదారు బంగారు గాజులు, సన్నవి కాదు. భాయ్ చెప్పిన ఆమెకూ ఈమెకూ ఎక్కడా పొంతన లేదు.

గంట సేపు కూర్చుంది. ఏమీ కొనలేదు. రోడ్డు వైపు చూసేది, ఫోన్ చూసుకునేది, గాజులు పైకి తోసుకునేది. ఎవరికోసమో ఎదురుచూస్తోందని వెంట తెచ్చుకున్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకసారి నేను పేపరు కాస్త దించేసరికి ఆమె నా వైపే చూస్తోంది. చూసి నవ్వింది. కుడి చెయ్యి నుదుటి దాకా ఎత్తి ముసుగు అంచున జుట్టు సర్దుకుంది. నేను గబుక్కున పేపరు పైకెత్తేశాను. సరిగ్గా పుస్తకంలో లాగే, అనుకున్నాను.

ఆమె కోసం ఎవరూ రాలేదు. కాసేపటికి అదే కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే రుస్తాఖ్‌లో కడుతున్న ఒక ఇంటికి మా సరుకు వెళ్ళింది, దించి అప్పజెప్పడానికి నేనూ వెళ్ళాను. ఆ సైట్‌లో రాయచోటి వైపు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కడప జిల్లా మనుషులంతా ఒకరికొకరు తెలుసేమోనని ఆమె పేరు చెప్పి అడిగాను.

"ఆ యమ్మా? తెలీకేమి. ముందర ఈడ రుస్తాఖ్‌లోనే కదా చేసింది," అన్నాడు మేస్త్రీ. "ఆ ఇంటి ముసలాయన పోయేటప్పుడు పక్కన ఆ యమ్మ ఒక్కతే ఉన్నింది. ఆయన పోయిన నెలకే బౌషర్‌కు ఎల్లిపాయ."

నాకు ఇంకేం కావాలి. ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నానన్నది అబద్ధం. పోయినవాళ్ళు ఇద్దరు, ముందు మొగుడు, తరవాత ముసలాయన. దారి పొడుగునా అద్దె లారీలో కూర్చుని ఆ ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించుకుంటూ వచ్చాను.

ఆ శుక్రవారం పుస్తకం తియ్యలేదు. బిర్యానీ అయ్యాక అందర్నీ కూర్చోమన్నాను. నేను నిలబడ్డాను. నోట్‌బుక్ తెరిచి ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను, మధ్య మధ్య ఆగుతూ, గొంతు తగ్గిస్తూ పెంచుతూ. ఇంటి పని చేసే మనిషికి ఆ గాజులెక్కడివి అన్నాను. ఆ సెంటెక్కడిది అన్నాను. ఆ కారులో కుర్రవాడితో ఆ నవ్వేమిటి అన్నాను. చివరకు రుస్తాఖ్ ముసలాయన్ని బయటికి తెచ్చాను. మంచం మీద కూర్చున్న ఒకాయన "మూడో అధ్యాయం ఆమే" అన్నాడు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం లోపల సంతోషపడ్డాను. ఈ సంగతిలో నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది ఆ సంతోషమే.

భాయ్ కింద గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు.

"నిన్ను చూసి నవ్విందా తమ్మీ?"

"నవ్వింది భాయ్."

"నవ్వి?"

"నవ్వి జుట్టు సర్దుకుంది. నేనెవరో కూడా ఆవిడకు తెలియదు. తెలియని మగాణ్ణి చూసి నవ్విందంటే మీరే ఆలోచించుకోండి."

భాయ్ కింద పరిచిన గుడ్డ మడతపెట్టాడు. "ఒకపారి ఆమెనే అడుగుత," అన్నాడు తరవాత.

"అడిగితే ఏడుస్తుంది. ఏడిస్తే మీరు కరిగిపోతారు. ఇక అంతే సంగతులు. ఫోన్ ఇటివ్వండి," అన్నాను.

ఇచ్చాడు. ఆమె నంబరును నా చేత్తోనే బ్లాక్ చేశాను. భాయ్ ఆ ఫోన్ జేబులో పెట్టుకుని, తన వంతు కాకపోయినా లేచి గిన్నెలన్నీ కడిగాడు.

ఆ తరవాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. శుక్రవారం నేను పుస్తకం తీస్తే భాయ్ బండి కడగాలని కిందికి వెళ్ళిపోయేవాడు. వారం వారం ఎంత దుమ్ము పడుతుందో బండి మీద. రెండేళ్ళు అలా గడిచాయి. మోకాళ్ళు పట్టేసి క్లచ్ తొక్కడం కష్టమయ్యాక, వీసా ముగించుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో నన్ను కౌగిలించుకుని "పైలం తమ్మీ" అన్నాడు. ఆయన మనసులో నా మీద ఏమీ లేదు, నా మాట మీద నమ్మకం తప్ప.

భాయ్ వెళ్ళాక రూమ్‌లో చదవడం కూడా ఆగిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్లలో సినిమాలు చూసుకునేవారు. నేనొక్కణ్ణే ఆ నవలలు మళ్ళీ తిరగేస్తూ ఉండేవాణ్ణి. గొంతెత్తి చదివినప్పుడు కనబడని సంగతి ఒకటి ఒంటరిగా చదివితే కనబడింది. అన్ని పుస్తకాల్లోనూ ఆమె సాయం అడగడానికే వస్తుంది. వేరే దిక్కుంటే ముక్కూమొహం తెలియని డిటెక్టివ్ దగ్గరికి ఎందుకొస్తుంది? ఆమె కథ ఆమె నోట ఒక్క అధ్యాయం కూడా ఉండదు. చివరి అధ్యాయంలో సైతం ఆమె ఏం చేసిందో ఎందుకు చేసిందో డిటెక్టివే చెబుతాడు. ఆమె కూర్చుని వింటుంది. రాసినవాళ్ళు ఆమెకు బుర్ర ఇచ్చారు, ధైర్యం ఇచ్చారు, అందం ఇచ్చారు, ఒక్క మంచి మాట నమ్మించే వీలు మాత్రం ఇవ్వలేదు. అప్పటికీ ఇది పుస్తకాల గురించిన ఆలోచనగానే ఉండిపోయింది, బౌషర్ ఆమె దాకా వెళ్ళలేదు.

ఈ ఏడాది నాకు షుగర్ బయటపడింది. పరీక్షలకని బౌషర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. టోకెన్ తీసుకుని హాల్లో కూర్చున్నాను. నా పక్క వరసలోకి చక్రాల కుర్చీ ఒకటి వచ్చి ఆగింది. అందులో చాలా వయసున్న ఒమనీ పెద్దావిడ, కునికిపాట్లు పడుతోంది. కుర్చీ తోసుకొచ్చిన ఆమె బ్రేకు వేసి, పెద్దావిడ కాళ్ళ మీద శాలువా సర్ది, పక్కన కూర్చుంది. వాసన తెలిసింది. నాలుగేళ్ళ క్రితం బస్‌స్టాప్‌లో తగిలిన వాసనే.

ఆమె నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"అన్నా, మీరు భాయ్ తరపున వచ్చిన అన్న కదా?"

నేను టోకెన్ నంబరు చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"ఆ పొద్దు బస్‌స్టాప్‌లో పేపరు పట్టుకోని కూర్చోనుంటిరి. గంటసేపు ఒకే పేజీ చూస్తా ఉంటిరి." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఎగతాళి లేదు.

"నేను భాయ్ మనిషినని మీకెలా తెలుసమ్మా? ఆయన చెప్పారా?"

"చెప్పలేదన్నా. తమ్ముడి మాదిరి ఒకాయన ఉండాడు, ఆయన సరే అంటే చాలని ముందరెప్పుడో అన్నింటాడు. ఏ వారం అడగనాయన ఆ వారం మూడుసార్లు అడిగినాడు, శుక్రారం అంగడికి పోతావు కదా అని. ఆడమనిషికి ఆ మాత్రం తెలీదా? మనిషిని చూసేకి వస్తాండారని మామాకు చెప్పినా." పెద్దావిడ వైపు చూపించింది; ఈ ఇళ్ళలో యజమానురాల్ని మామా అనే పిలుస్తారు. "ఈ యమ్మకు ఎంత సంతోషమో. పెండ్లిచూపులకు ఒట్టి చేతుల్తో పోతావా బింతీ, నా బిడ్డా అని తన గాజులు తీసి తొడిగింది. తన డ్రెస్సు ఇచ్చింది. బొగ్గుల మీద మన సాంబ్రాణి మాదిరి బఖూర్ ఏసి తనే దానికి పొగ పట్టిచ్చింది. నడిచిపోతే తేలిగ్గా చూస్తారని మనవణ్ణి కారిచ్చి పంపింది. ఆ పిల్లోడు దావంతా ఎగతాళి చేస్తానే ఉన్నాడు, పెండ్లికూతురా పెండ్లికూతురా అని."

పెద్దావిడ శాలువాలోంచీ అదే వాసన వస్తోంది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉన్నాను. మా కొట్టుకు వచ్చే ప్రతి ఒమనీ బట్టల్లోనూ ఆ పొగ వాసన పీల్చాను. ఇళ్ళలో బట్టలకు పొగ పడతారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మగవాడి బట్టల్లో ఉన్నప్పుడు మర్యాద అనుకున్నది ఆమె దగ్గర మాత్రం నాకు వగలు అనిపించింది. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"రుస్తాఖ్‌లో…" అన్నాను. అంతకన్నా అడగలేకపోయాను.

"రుస్తాఖ్ ఈళ్ళ సొంతూరే కదన్నా. ముసలాయన పోయినాక మామాను కొడుకు ఈడికి తెచ్చుకుండె. నన్నూ తోడు తెచ్చుకునిరి. నాకు ఇల్లు మారలేదు, ఊరు మారింది. ఆ ముసలాయనకు నాలుగేండ్లు నా చేత్తోనే అన్నం తినిపించినా. పోయేటప్పుడు నా చెయ్యే పట్టుకున్యాడు."

ఆ మాటలు అంటున్న చెయ్యి పెద్దావిడ శాలువా మీద ఉంది. గాజులేమీ లేవు.

"మీరు వచ్చి ఏమన్నా అడుగుతారని కూర్చున్యానన్నా ఆ పొద్దు. గంటసేపు చూస్తి. మగపెండ్లివాళ్ళ పెద్దమనిషి, మనమే పోయి మాట్లాడితే బాగుండదని ఊరకుంటి. ఆఖరికి మీరు చూస్తే నేనే సలామ్ చేసినా." కుడి చెయ్యి నుదుటి దాకా ఎత్తి చూపించింది. "మీరు పేపరు అడ్డం పెట్టుకుంటిరి. ఆ తర్వాత ఆయనకు ఫోన్ పోలేదు. ఈ యమ్మ ప్రతి శుక్రారం అడిగేది, జవాబొచ్చిందా బింతీ అని. సంవత్సరం దాకా అడిగింది పాపం."

మా ఇద్దరికీ మధ్య ఆ కుర్చీ ఉంది. పెద్దావిడ నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు," అందామె. "నాలో ఏం తక్కువ కనపడిందన్నా మీకు?"

నా జన్మలో ఎవరూ నన్ను అంత మెల్లగా అంత పెద్ద ప్రశ్న అడగలేదు. ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పుకోవచ్చు. నాలుక మీద ఒకటి సిద్ధంగా ఉంది కూడా. చెప్పలేకపోయాను. గాజుల గురించి, వాసన గురించి, నోట్‌బుక్ గురించి, నంబరు బ్లాక్ చేసిన నా చెయ్యి గురించి అంతా చెప్పేశాను. ఆ పుస్తకాల గురించి కూడా చెప్పాను.

"ఆ పుస్తకాల్లో ఆడమనిషి ఏం చేస్తాదన్నా?"

"మోసం చేస్తుందమ్మా. మనుషుల్ని చంపిస్తుంది."

ఆమె జారిన శాలువా అంచు పైకి లాగింది. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. ఏడుస్తుందని నేను నాలుగేళ్ళ క్రితం అంత ఖాయంగా చెప్పాను కదా.

"నేను ఉన్నదాంట్లో మంచిగా కనపడాలని పోయినానన్నా, అంతే," అంది.

నా జేబులో ఫోన్ ఉంది. భాయ్ నంబరు ఇస్తాను, ఇప్పుడే మాట్లాడండమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దన్నా. నేను చేస్తే ఆడదే ఎంటబడిందంటారు. ఒకసారి అనిపించుకున్యా కదా, చెయ్యకనే."

వాళ్ళ టోకెన్ పిలిచారు. ఆమె లేచి బ్రేకు తీసింది. "పోయొస్తా అన్నా," అంది. నేను తల మాత్రం ఊపాను. రెండు చేతులతో కుర్చీని తోసుకుంటూ డాక్టర్ గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తలుపు వైపు చూస్తూ అక్కడే ఉండిపోయాను. నా టోకెన్ పిలిచినా లేవలేదు.

బయట పార్కింగ్‌లోకి వచ్చి భాయ్‌కి ఫోన్ చేశాను. అక్క ఇంటి దగ్గర కోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఎట్లున్నవ్ తమ్మీ, తిన్నవా అని అడిగాడు. ఎలాగో మొదలుపెట్టి గాజుల దగ్గర్నుంచి రుస్తాఖ్ దాకా అంతా వరసగా చెప్పాను. ఆ రోజు నోట్‌బుక్ చూసి చెప్పాను, ఈసారి నోట్‌బుక్ అక్కర్లేదు. భాయ్ అప్పటిలాగే మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా విన్నాడు.

"జుట్టు సర్దుకున్నదంటివి గద తమ్మీ," అన్నాడు చివరకు.

"జుట్టు కాదు భాయ్. సలామ్ చేసింది. మీ తరఫున వచ్చిన పెద్దవాణ్ణని నాకు సలామ్ చేసింది."

అవతల భాయ్ కోళ్ళను అదిలించాడు.

"మరి నువ్వు తిరిగి సలామ్ చెప్పినవా?" అని అడిగాడు భాయ్.

"లేదు భాయ్," అన్నాను. "అప్పుడూ చెప్పలేదు. ఇవాళ కూడా చెప్పలేదు."